బెజవాడ అంటే ఎండ, వరద, రౌడీలేనా? ఇల్లు చూసుకునే ముందు తెలుసుకోవాలి

బదిలీబండి:
జూన్ మొదటి వారంలో విజయవాడలో చేరాలి. ఆఫీసు గవర్నరుపేటలో. ఇంట్లో డెబ్భై దాటిన పెద్దావిడ, యూకేజీ చదివే పాప ఉన్నారు. ఎవరికి చెప్పినా ముందు "అయ్యో" అంటున్నారు. ఎండకి బతకలేరని ఒకరు, వరదొస్తే మునిగిపోతారని ఒకరు, అది రౌడీల ఊరని ఇంకొకరు. అద్దె తక్కువని సింగ్‌నగర్, పాయకాపురం వైపు చూడమని బ్రోకరు చెబుతున్నాడు. ఊరిని పొగడమనీ తిట్టమనీ అడగడం లేదండీ. ఈ మూడింట్లో ఏది నిజం, ఏది పాతబడింది, ఇల్లు ఎంచుకునేటప్పుడు ఏం చూసుకోవాలి, ఇవి చెబితే చాలు.

వన్‌టౌన్ సెంటర్:
రౌడీల సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్నది.

ఆ పేరు ఊరికే రాలేదు. 1970, 80ల్లో కాలేజీ రాజకీయాల్లోనూ యూనియన్లలోనూ పట్టు కోసం ఇక్కడ వర్గాలు కొట్టుకున్నాయి, హత్యలు జరిగాయి. 1988 డిసెంబరులో తూర్పు నియోజకవర్గ ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా హత్య, దాని వెంట అల్లర్లు, కర్ఫ్యూ. రాష్ట్రమంతా బెజవాడని ఆ కళ్ళతోనే చూడటం అప్పుడు బలపడింది. తర్వాత సినిమావాళ్ళు పట్టుకున్నారు, ఇప్పటికీ వదల్లేదు. అది జరిగి ముప్పై ఐదేళ్ళు దాటింది. గవర్నరుపేటలో ఉద్యోగం చేసే మనిషికి దానితో పనిలేదు.

ఎవరైనా నేరాల లెక్కలు చూపించి వాదనకి దిగితే మాత్రం ఒకటి అడగండి: ఏ హద్దుల లెక్క? 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక ఇక్కడి పోలీసు కమిషనరేట్ ఎన్టీఆర్ జిల్లా మొత్తానికి అయింది. నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు దానిలోకి వచ్చాయి. ఊరిని ఆనుకునే ఉన్న పెనమలూరు, గన్నవరం కృష్ణా జిల్లా పోలీసుల కిందకి పోయాయి. అందుకని 2021 అంకె పక్కన 2023 అంకె పెట్టి పెరిగిందనో తగ్గిందనో చెప్పడం కుదరదు, రెండూ వేర్వేరు ప్రాంతాలవి. జనాభా దగ్గరా ఇదే తంటా. 2011 లెక్కల్లో కార్పొరేషన్ పరిధిలో పదిన్నర లక్షలకు కాస్త తక్కువ. చుట్టుపక్కల కలిసిపోయిన ఊళ్ళు చేర్చితే పద్నాలుగున్నర లక్షల పైమాటే. ఎక్కువ కేసుల్ని తక్కువ జనాభాతో భాగిస్తే ఏ ఊరైనా భయంకరంగానే కనిపిస్తుంది.

మురికి ఊరు అనే మాట కూడా వింటారు. ఊళ్ళ శుభ్రత మీద కేంద్రం చేసే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2020లో నాలుగో ర్యాంకు, 2021లో మూడు, 2022లో అయిదు. ర్యాంకుల్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు కానీ ఆ మాట అనేవాళ్ళకి చెప్పడానికి పనికొస్తాయి.

రైల్వే స్టేషన్, బస్టాండు దగ్గర జేబుదొంగలు, అర్ధరాత్రి ఆటో బేరాలు, ఇవి ఉన్నాయి. పెద్ద జంక్షన్ ఉన్న ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి.

కాలువగట్టు:
వరద గురించి నేను చెబుతాను. ఊరిని వెనకేసుకొచ్చేవాళ్ళూ తిట్టేవాళ్ళూ ఇద్దరూ ఇక్కడే తప్పులో కాలేస్తారు.

విజయవాడకి వచ్చే వరదలు రెండు. కృష్ణ వరద వేరు, బుడమేరు వరద వేరు. కృష్ణ ఊరికి దక్షిణాన, బుడమేరు ఉత్తరాన. 2024 సెప్టెంబరు మొదట్లో రెండూ ఒకేసారి వచ్చాయి కాబట్టి జనం మనసులో ఒక్కటైపోయాయి.

కృష్ణ సంగతి చూడండి. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్ళాయి. 1957లో బ్యారేజీ వచ్చాక అంత ప్రవాహం లేదు. అంతకుముందు పెద్దది 2009 అక్టోబరులో వచ్చింది, 11 లక్షల చిల్లర. అంత నీళ్ళొచ్చినా నది పక్కనే ఉన్న కృష్ణలంకని కొత్తగా కట్టిన రిటైనింగ్ వాల్ (వరద అడ్డుగోడ) చాలావరకు కాపాడింది. నదికి నాలుగైదు కిలోమీటర్లు లోపలున్న సింగ్‌నగర్ మాత్రం మునిగింది. నది పక్కన ఉంటే ప్రమాదం, దూరంగా ఉంటే క్షేమం అనే లెక్క ఇక్కడ తిరగబడింది, ఎందుకంటే సింగ్‌నగర్‌కి వచ్చింది కృష్ణ నీళ్ళు కాదు.

అవి బుడమేరువి. అది మైలవరం వైపు కొండల్లో పుట్టి ఊరి ఉత్తరపు అంచు పట్టుకుని కొల్లేరుకి పోతుంది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, అక్కడి నుంచి మళ్ళింపు కాలువ తవ్వి, వరదని ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపేలా చేశారు. మామూలు వానలకి ఈ ఏర్పాటు సరిపోతుంది. సరిపోనిది ఎప్పుడంటే, కృష్ణ కూడా నిండుగా ఉన్నప్పుడు. కలవాల్సిన చోట నది మట్టం ఎత్తుగా ఉంటే మళ్ళింపు కాలువ నీళ్ళు దిగవు, వెనక్కి ఎగదంతాయి. 2024లో ఆ కాలువకి మూడుచోట్ల గండ్లు పడ్డాయి. రెగ్యులేటర్ గేట్లు ఎత్తితే నీళ్ళు బుడమేరు పాత దారినే పడతాయి. ఆ దారిలోనూ దాని పక్క పల్లాల్లోనూ ఇప్పుడు ఉన్నవి రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, సింగ్‌నగర్, పాయకాపురం. అక్కడ నేల బల్లపరుపు. వచ్చిన నీళ్ళు ఎనికేపాడు దాకా పోయి, ఏలూరు కాలువ కింద నుంచి దాటి, కొల్లేరు వైపు పోవాలి. అందుకే రావడం గంటల్లో వస్తాయి, పోవడానికి రోజులు పడుతుంది.

హెచ్చరికల్లోనూ తేడా ఉంది. కృష్ణ వరద ముందే తెలుస్తుంది, ఎందుకంటే శ్రీశైలం, సాగర్, పులిచింతల గేట్లు ఎత్తిన వార్తలు వస్తూనే ఉంటాయి. బ్యారేజీ దగ్గర నాలుగు లక్షల క్యూసెక్కులకు అటూ ఇటూగా మొదటి ప్రమాద హెచ్చరిక, అయిదున్నర లక్షలు దాటాక రెండోది. అయితే మున్నేరు, వైరా, కట్లేరు పులిచింతలకి దిగువన కలుస్తాయి, వాటి వరదని ఆపే పెద్ద డ్యామ్ మధ్యలో లేదు. ఖమ్మం, మైలవరం వైపు రాత్రంతా కుండపోత అని వింటే పై డ్యాముల లెక్కలు చూసి నిశ్చింతగా పడుకోకండి. బుడమేరుకి అంత వ్యవధి అసలుండదు.

ఇక ఇల్లు చూడటం. బ్రోకరు "ఈ వీధికి నీళ్ళు రాలేదండీ" అంటాడు. గోడలు వేరే చెబుతాయి. తలుపు తీసి మూడు బందుల్నీ చూడండి. కింది బందు తుప్పు పట్టి, పైది మెరుస్తుంటే నీళ్ళు ఎంతవరకు నిలిచాయో అదే చెప్పేసింది. ద్వారబంధం అడుగు ఉబ్బి పెయింటు పొరలు లేవడం, గోడకి కొత్త పుట్టీ నడుము ఎత్తు వరకే ఉండటం, ప్లగ్గు పాయింట్లు ఈమధ్యే పైకి జరిపిన గుర్తులు, షాపు షట్టరు అడుగున కొత్త రేకు అతుకు, ఇవన్నీ సాక్ష్యాలే. ఇల్లంతా రంగేసి ఉంటే మెట్ల కింద చూడండి, మోటారు గదిలో చూడండి, అక్కడ రంగు వేయరు. ఆ తర్వాత వీధి చివర కిరాణా కొట్టులో "2024లో ఇక్కడ ఎంత లోతండీ" అని అడగండి. "వచ్చాయా" అని అడిగితే లేదనొచ్చు. "ఎంత లోతు" అంటే చేత్తో చూపిస్తారు.

అపార్ట్‌మెంటైతే మీటర్ల బోర్డు, లిఫ్టు కంట్రోల్ పెట్టె, జనరేటరు ఏ ఎత్తులో ఉన్నాయో చూడండి. మూడూ సెల్లార్‌లో ఉంటే అయిదో అంతస్తులో ఉన్నా లాభం లేదు. నీళ్ళు దిగిన వారం తర్వాత కూడా కరెంటు, లిఫ్టు, మోటారు ఉండవు.

పడమటిగాలి:
ఎండ నిజం. దానిని కాదనేవాళ్ళని నమ్మకండి. బెజవాడని బ్లేజ్‌వాడ అన్నది ఊరికే కాదు. సముద్రం అరవై డెబ్భై కిలోమీటర్ల దూరంలో ఉంది, చుట్టూ బండరాతి కొండలు. పగలు తాగిన వేడిని ఆ రాళ్ళు రాత్రంతా కక్కుతూనే ఉంటాయి. మీరు దిగేది సరిగ్గా రోహిణి కార్తెలో. రోళ్ళు పగిలే కాలం అంటారు కదా, ఆ పక్షం రోజులు కాస్త ఓర్చుకోవాలి.

అయితే ఒకే ఊళ్ళో, ఒకే వీధిలో, రెండు ఇళ్ళ మధ్య తేడా చాలా ఉంటుంది. పై అంతస్తు, పడమర గోడ, ఈ రెండూ కలిసిన ఫ్లాటు అద్దె తగ్గించి ఇస్తారు. తీసుకోకండి, ఆ తగ్గింపు కరెంటు బిల్లులో పోతుంది. ఇల్లు చూడటానికి పొద్దున్నే వెళ్ళొద్దు, సాయంత్రం అయిదున్నరకి వెళ్ళి పడకగది పడమర గోడ మీద అరచెయ్యి పెట్టండి. రెండు మూడు నిమిషాలు ఉంచలేకపోతే ఆ గదిలో రాత్రి పదకొండు దాకా నిద్ర పట్టదు. పై అంతస్తు తప్పకపోతే డాబాకి తెల్ల సున్నం రెండు పూతలు వేయించమని ఓనర్ని అడగండి. సున్నంలో జిగురు కలపకపోతే మొదటి వానకే కొట్టుకుపోతుంది. పూసిన చోటా పూయని చోటా మధ్యాహ్నం చెప్పుల్లేకుండా నిలబడితే తేడా వెంటనే తెలుస్తుంది.

కూలరా, ఏసీయా అని ఎలాగూ అడుగుతారు. గాలి పొడిగా ఉన్నంతకాలం కూలరు బ్రహ్మాండం. 42 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం ఉంటే మంచి కూలరు 28 దగ్గర గాలి ఇస్తుంది. అదే జూన్ రెండో వారంలో 36 డిగ్రీలు, 60 శాతం తేమ అయితే 31కి దించడమే గగనం, పైగా ఒళ్ళంతా జిడ్డు. కూలరు పాడైందనుకుని మెకానిక్‌ని పిలుస్తారు కానీ పాడైంది కూలరు కాదు, తేమ పెరిగింది. ఇంకో పొరపాటు, ఏసీకి చేసినట్టు తలుపులన్నీ మూసేయడం. కూలరు కిటికీకి ఆనించి బయటి గాలి పీల్చేలా పెట్టాలి, ఎదురు కిటికీ జానెడు తెరవాలి. లోపలి తేమ పోవడానికి దారి లేకపోతే అరగంటలో గది ఆవిరిపొయ్యి అవుతుంది.

పెద్దావిడ ఉన్నారు కాబట్టి ఒక గదికైనా ఏసీ ఉండాలి. పైన ఇంకో అంతస్తు ఉంటే 120 చదరపు అడుగుల గదికి ఒక టన్ను చాలు. పైన డాబాయే ఉంటే టన్నున్నర. బయటి యూనిట్ పడమర గోడకి బిగిస్తే మధ్యాహ్నం అది వేడి గాలినే పీల్చి, ఆగి ఆగి నడుస్తుంది. ఉత్తరం గోడ దొరికితే అక్కడ, లేదంటే పైన చిన్న నీడ. నీడ పేరుతో చుట్టూ రేకులు కొట్టి గాలి ఆపేయకండి.

నీళ్ళ ట్యాంకు నల్లదైతే మధ్యాహ్నం మూడింటికి కుళాయిలో కాగిన నీళ్ళొస్తాయి. పాప స్నానానికి పొద్దున్నే రెండు బకెట్లు పట్టి పెట్టండి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇంట్లో ఉంచండి, ఒక పెద్ద ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్ళకి. గ్లాసులో సగం ప్యాకెట్ పోసి తాగించేవాళ్ళున్నారు, ఉప్పు ఎక్కువై విరేచనాలు పెరుగుతాయి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో, తలగొట్టి. పెద్దావిడకి బీపీ, గుండె మందులుంటే ఉప్పు సంగతి డాక్టర్ని ముందే అడిగి పెట్టుకోండి. మనిషి తికమకగా మాట్లాడుతూ ఒళ్ళు కాలిపోతుంటే అది నీరసం కాదు, వడదెబ్బ. నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేసి, ఒళ్ళంతా నీళ్ళు చల్లి ఫ్యాను పెట్టండి.

కొండవాలు:
మీరంతా ఊరిని బాగానే వెనకేసుకొచ్చారు కానీ కొండల మాట ఎత్తలేదు. అద్దె తక్కువని మొగల్రాజపురం, గుణదల, వన్‌టౌన్ వైపు కొండ అంచున ఇళ్ళు చూపిస్తారు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడి మనుషులు పోయారు. 2020 అక్టోబరులో దసరా ఉత్సవాల్లోనే ఇంద్రకీలాద్రి మీద బండలు జారాయి. ఇంటి వెనక కొండని నిలువుగా తవ్వి ఉంటే వద్దు. అడ్డుగోడ ఉందంటే దానికి చిల్లులు ఉన్నాయా, వానప్పుడు వాటిలోంచి నీళ్ళు కారతాయా అని చూడండి. ఎండిన చిల్లులు, గోడ మధ్యలో పొట్ట ఉబ్బు కనిపిస్తే లోపల నీళ్ళు నిలుస్తున్నట్టు. గోడ కూలేది మట్టి బరువుకంటే ఆ నీటి ఒత్తిడికే ఎక్కువ.

ట్రాఫిక్ గురించి కూడా నిజం చెప్పాలి కదా. బెంజి సర్కిల్ మీద ఫ్లైఓవర్లు, 2020లో కనకదుర్గ ఫ్లైఓవర్ వచ్చాక హైవే బళ్ళకి సుఖం. ఊళ్ళో వాళ్ళకి ఏలూరు రోడ్డు సాయంత్రం ఆరింటికి పాత ఏలూరు రోడ్డే. మూడు కాలువలు ఊరిని ముక్కలు చేస్తాయి, ప్రతిదానికీ వంతెన దగ్గరే ఇరుకు. గవర్నరుపేట ఆఫీసంటే మధ్యలో ఎన్ని వంతెనలు దాటాలో చూసుకోండి, కిలోమీటర్లు చూస్తే లాభం లేదు. దసరా నవరాత్రుల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజు, వన్‌టౌన్ వైపు బండి తీయకపోవడమే మంచిది.

వన్‌టౌన్ సెంటర్:
కొండల సంగతి ఒప్పుకుంటున్నాను. ట్రాఫిక్ మాత్రం మరీ అంత కాదు, హైదరాబాదులో ఉన్నవాళ్ళనడగండి.

అన్నట్టు అన్నీ చెప్పి మంచి ఒక్కటీ చెప్పకపోతే ఎలా? లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లున్నాయి, జనవరిలో పుస్తక మహోత్సవం 1989 నుంచీ జరుగుతోంది. తెలుగు ప్రచురణ సంస్థలు ఎన్నో ఏలూరు రోడ్డు చుట్టుపక్కలే పుట్టాయి. ఏ దిక్కుకి పోవాలన్నా రైలుంది. పాపకి బొమ్మల పుస్తకాలు కొనాలంటే కొత్తవాటి ముందు లెనిన్ సెంటర్‌కి వెళ్ళండి. బేరం ఆడాలి, చెప్పిన ధర ఇవ్వకండి.

బదిలీబండి:
అందరికీ చాలా థాంక్సండీ. పాయకాపురంలో ఒక మొదటి అంతస్తు ఇల్లు నచ్చింది. కాలువగట్టు గారు చెప్పినట్టు కింద పోర్షన్‌లో బందులు చూశాను, కింది రెండూ తుప్పే. పైన మాత్రం శుభ్రంగా ఉంది. తీసుకోవచ్చా?

కాలువగట్టు:
రెండు బందులు తుప్పంటే కింద దాదాపు ఛాతీ లోతు నిలిచినట్టేనండీ. మీ వాటాకి నీళ్ళు రాకపోవచ్చు, కానీ ఇరుక్కుపోతారు. 2024లో ఆ వైపు పై అంతస్తుల వాళ్ళు కరెంటు, తాగునీరు లేకుండా రోజుల తరబడి పడవల కోసం, హెలికాప్టర్లు వేసే పొట్లాల కోసం చూశారు. డెబ్భై దాటిన పెద్దావిడతో ఆ పని చేయకండి. పటమట, లబ్బీపేట వైపు ఒక గది తక్కువైనా చూడండి. అక్కడా వానకి మోకాలి లోతు నిలిచే వీధులున్నాయి, బందులు అక్కడా చూడాల్సిందే.

పాయకాపురమే తప్పదంటే కొన్ని పనులు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పెద్దావిడ మందులు పదిహేను రోజులకి తగ్గకుండా, తాగునీరు మనిషికి రోజుకి నాలుగు లీటర్ల లెక్కన అయిదు రోజులకి పైన పెట్టుకోవాలి. డాబా మీదకి మెట్లు లోపల్నుంచి ఉన్నాయో లేదో చూడండి. భారీ వాన సూచన వస్తే బండిని ముందురోజే ఎత్తైన చోట వదలండి. మునిగిన బండిని మాత్రం స్టార్ట్ చేయొద్దు. సిలిండర్‌లోకి పోయిన నీళ్ళు గాలిలా నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇన్సూరెన్సులో ఇంజిన్ ప్రొటెక్ట్ విడిగా తీసుకోకపోతే ఆ ఖర్చు ఇవ్వరు. బ్యాటరీ వైరు తీసి, తాడు కట్టి లాక్కెళ్ళాలి. గ్యాస్ బండ తేలిపోతుంది, రెగ్యులేటర్ తీసేసి పైకి మోసెయ్యండి.

వరద నీళ్ళు దిగాక సంపు కడగకుండా మోటారు వేయొద్దు. మురుగంతా తోడి, గోడలు రుద్ది, కొత్త నీళ్ళు నింపి, వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడరు బకెట్లో కలిపి, పైన తేరిన నీళ్ళే పోసి గంట ఆగాలి. పాత పౌడరైతే ఘాటు పోయుంటుంది, వాసన రాని పౌడరు వేసినా వేయనట్టే. కరెంటు మెయిన్ ఎలక్ట్రీషియన్ చూసేదాకా వేయకండి. ఇంటికి 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) ఉందో లేదో అగ్రిమెంటు రాసుకునే ముందే అడగండి. లేకపోతే ఓనర్ చేత పెట్టించండి, అడ్వాన్సు ఇచ్చాక ఎవరూ పెట్టరు.